ఊతం ఎప్పుడు తీయాలి? ఏడో తరగతి పద సమస్యలపై ఒక కేస్ స్టడీ

మొదటి పెట్టెలో 24 పెన్సిళ్లు ఉన్నాయి. ఇవి రెండో పెట్టెలో ఉన్నవాటి కంటే 6 ఎక్కువ. రెండో పెట్టెలో ఎన్ని ఉన్నాయి?

ఏడో తరగతిలో ఈ లెక్క ఇస్తే సగానికి పైగా పిల్లలు 30 అని రాశారు. వాళ్లకు తీసివేత రాక కాదు. అదే పిల్లలు భిన్నాల తీసివేతలు కూడా తడబడకుండా చేస్తారు. 'ఎక్కువ' అనే మాట కనబడింది, రెండు సంఖ్యలు కనబడ్డాయి, కలిపేశారు.

ఇది ఒక్క మా తరగతికే ఉన్న ఇబ్బంది కాదు. 1987లో లూయిస్, మేయర్ అనే పరిశోధకులు సరిగ్గా ఇలాంటి తిరగేసిన పోలిక వాక్యాలు ('ఎక్కువ' అని ఉన్నా తీసివేయాల్సినవి) ఇచ్చి చూస్తే కాలేజీ విద్యార్థులు కూడా వాటిలో ఎక్కువ తప్పులు చేశారు. ఫ్రాన్స్‌లో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఇంకా విచిత్రమైన ప్రశ్న ఇచ్చారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" 97 మందిలో 76 మంది ఉన్న సంఖ్యలతోనే ఏదో ఒక జవాబు లెక్కగట్టి రాశారు. పద సమస్య అంటే కథ చదివి అర్థం చేసుకోవడం కాదు, అందులోంచి సంఖ్యలు ఏరుకోవడం అన్న అలవాటు ఎంత లోతుగా పడిపోతుందో చూడండి.

ఈ అలవాటు మీద మా తరగతిలో ఒక టర్మ్ పొడుగునా చేసిన పని ఇది. స్కాఫోల్డింగ్ (సొంతంగా చేయగలిగేదాకా ఇచ్చే తాత్కాలిక ఊతం) పేరుతో మనం పిల్లలకు చార్టులు, కార్డులు, సూచనలు, సగం నింపిన షీట్లు బోలెడు ఇస్తాం. వాటిని ఏ రోజు, ఏది చూసి వెనక్కి తీసుకోవాలన్నది మాత్రం లెసన్ ప్లాన్‌లో ఎక్కడా రాయం. అందుకే ఈసారి ఏ ఊతం ఇచ్చినా, దాని పక్కనే దాన్ని తీసేసే షరతు రాసుకున్నాను. ఆ షరతు రాయలేకపోతే ఆ ఊతం ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నాను.

ముందు, ఎక్కడ ఆగిపోతున్నారు?

తప్పు జవాబు అందరిదీ ఒకటే అయినా, కారణం ఒకటే అయి ఉండదు. ఆస్ట్రేలియా టీచర్ యాన్ న్యూమన్ 1977లో ఇచ్చిన అయిదు ప్రశ్నల పద్ధతి దీనికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. లెక్క పైకి చదువు. ఏం అడుగుతున్నారో చెప్పు. ఎలా చేస్తావో చెప్పు. చేసి చూపించు. జవాబు రాయి. పిల్లవాడు ఈ అయిదింటిలో మొదట ఎక్కడ తట్టుకున్నాడో అదే అసలు చోటు. నలభై మందికి పైగా ఉన్న తరగతిలో అందరితో ఇలా కూర్చోవడం కుదరదు కాబట్టి, 30 రాసిన వాళ్లలోంచి కొందర్ని ఎంచుకుని, మిగతావాళ్లు రాత పని చేస్తుండగా ఒక్కొక్కరితో మాట్లాడాను.

ముగ్గురి గురించి ఇక్కడ రాస్తాను. పేర్లు వద్దు, ఒక్కో అక్షరంతో పిలుస్తాను.

'స' చాలా చురుకు. తరగతిలో అందరికంటే ముందు పెన్ కింద పెట్టేది తనే. లెక్కను తప్పు లేకుండా చదివింది, ఏం అడుగుతున్నారో చెప్పింది, "కలపాలి" అంది. ఎందుకంటే, "ఎక్కువ అని ఉంది కదా టీచర్." ఆమె ఆగింది మూడో ప్రశ్న దగ్గర.

'మ' మొదటి ప్రశ్న దగ్గరే ఆగాడు. ఒక్కో పదం విడదీసి చదువుతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. నేను చదివి వినిపిస్తే, కాస్త ఆలోచించి "18" అన్నాడు. లెక్కలో అతనికి ఏ ఇబ్బందీ లేదు.

'ర'ది ఇంకో రకం. "ఇది కూడాలా టీచర్, తీసెయ్యాలా?" అని అడుగుతాడు. నా మొహం వైపు చూస్తాడు. నేను కనుబొమ్మ కదిపితే చాలు, జవాబు మార్చేస్తాడు. అతను చదివేది లెక్కను కాదు, నన్ను.

ముగ్గురి పేపర్ల మీదా 30 అనే ఉంది. ముగ్గురికీ ఒకే వర్క్‌షీట్ ఇస్తే ఒక్కరికి కూడా సరిగ్గా అందదు.

పాత ప్రయోగం ఒకటి

సిద్ధాంతం ఎక్కువ రాయను, కానీ ఒక్క ప్రయోగం గుర్తు చేసుకోవాలి. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు 3, 4, 5 ఏళ్ల పిల్లలతో 21 చెక్క ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి అమర్చి పిరమిడ్ కట్టించారు. చదువు చెప్పే విషయంలో స్కాఫోల్డింగ్ అన్న మాట పాకిపోయింది ఆ పేపర్ తర్వాతే. చాలామంది దీన్ని సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఖాతాలో వేస్తారు. ఆయన ఆలోచనలకు ఇది దగ్గరే గానీ, ఆయన 1934లోనే చనిపోయారు, ఈ మాట ఆయనది కాదు. ఆ ప్రయోగంలో ఒకే టీచర్, ఒకే పని. అయినా మూడేళ్ల పిల్లల్ని ఆట వైపు లాగడమే పెద్ద పని అయింది. నాలుగేళ్ల వాళ్లకు నోటిమాటతో సరిదిద్దితే సరిపోయింది. అయిదేళ్ల వాళ్లు ఎక్కడైనా చిక్కుకుంటేనో, కట్టింది సరిగ్గా ఉందో లేదో చూపించుకోవడానికో మాత్రమే టీచర్ దగ్గరికి వచ్చారు.

వుడ్ ఆ తర్వాత దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. పిల్లవాడు తడబడితే సాయం ఒక మెట్టు పెంచు, చేయగలిగితే ఒక మెట్టు తగ్గించు. వినడానికి చాలా తేలిక. తరగతిలో మాత్రం మన నోరు ఊరుకోదు, పిల్లవాడు ఒక్క క్షణం ఆగితే మూడు మెట్లు ఎక్కేసి జవాబు చెప్పేస్తాం. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు. మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో ఆగి చూస్తేనే తెలుస్తుంది.

అందుకని నా కోసం ఒక మెట్ల వరస రాసి డెస్క్ మీద అంటించుకున్నాను. అది పిల్లల కోసం కాదు, నా నోటికి కళ్లెం.

ఒకటో మెట్టు: "ఇంకోసారి చదువు. ఏం అడుగుతున్నారు?" రెండో మెట్టు: "ఏ పెట్టెలో ఎక్కువ ఉన్నాయి?" మూడో మెట్టు: "ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు." నాలుగో మెట్టు: బొమ్మ సగం గీసి ఇవ్వడం. అయిదో మెట్టు: వేరే సంఖ్యలతో ఇలాంటి లెక్కనే మొత్తం చేసి చూపించి, అసలు లెక్కను మళ్లీ వాళ్లకే వదిలేయడం. పిల్లవాడి ముందున్న లెక్కను నేను చేసే మెట్టు ఈ వరసలో లేదు.

'స'తో జరిగింది చూడండి.

"ఇంకోసారి చదువు. ఏం అడుగుతున్నారు?"

"రెండో పెట్టెలో ఎన్ని అని."

"ఏ పెట్టెలో ఎక్కువ ఉన్నాయి?"

"రెండో దాంట్లో టీచర్."

"ఎక్కడుంది ఆ మాట? చూపించు."

వేలు 'ఇవి' మీద పెట్టింది. "ఇవి అంటే..." అని ఆగింది. నేనూ ఆగాను. "ఇవి అంటే మొదటివి! అయ్యో, మొదటి దాంట్లోనే ఎక్కువ. అయితే 18."

మూడో మెట్టుతో పని అయిపోయింది. బొమ్మ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. తనకు కావలసిందల్లా 'ఇవి' దగ్గర ఒక్కసారి ఆగడం.

తరగతి మొత్తానికి చేసినవి

మొదట సంఖ్యలు తీసేశాం. బోర్డు మీద ఇంతే రాశాను: "రెండు పెట్టెల్లో పెన్సిళ్లు ఉన్నాయి. మొదటి పెట్టెలో ఉన్నవి రెండో పెట్టెలో ఉన్నవాటి కంటే ఎక్కువ." ప్రశ్న లేదు, సంఖ్యల్లేవు. ఇప్పుడు ఏం చెప్పగలం? తరగతి కాసేపు బిత్తరపోయింది. "చెయ్యడానికి ఏం లేదు టీచర్" అన్నాడొకడు. నాకు కావలసింది అదే. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు: రెండో దాంట్లో తక్కువ, రెండూ సమానం కాదు, మొదటి దాంట్లోంచి కొన్ని తీసేస్తే సమానం అవుతాయి. ఈ చివరి మాట అన్న పిల్లకు తాను లెక్క సగం చేసేశానని తెలియదు. అప్పుడు 24, ఆ తర్వాత 6, చివరికి ప్రశ్న, ఒక్కోటే కలిపాను. ఈ పద్ధతికి ఖర్చు లేదు, తయారీ లేదు. మొత్తం పనిలో పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

రెండోది పట్టీ బొమ్మ. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి వాడుతున్నదే. రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి గీసి, తేడా ఉన్న ముక్కను విడిగా చూపించడం. దీని బలం రెట్ల లెక్కల్లో తెలుస్తుంది. "లైబ్రరీలో 84 కథల పుస్తకాలు ఉన్నాయి. ఇవి సైన్స్ పుస్తకాలకు 3 రెట్లు. మొత్తం ఎన్ని?" సంఖ్యలు ఏరుకునే పిల్లలు 84ను 3తో గుణించి 252 తెచ్చి, దానికి 84 కలిపి 336 అంటారు. బొమ్మ గీస్తే కథల పుస్తకాలు మూడు ముక్కలు, సైన్స్ ఒక ముక్క. మూడు ముక్కలు 84 అయితే ఒకటి 28. మొత్తం నాలుగు ముక్కలు, 112. ఇక్కడ గుణించాలా భాగించాలా అన్న ప్రశ్నే పుట్టదు.

మూడోది, చేసి చూపించిన లెక్కలు. బీజగణితంలో ఇవి ఎంత సాయం చేస్తాయో 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు చూపించారు. నేను రెంకెల్, అట్కిన్సన్ చెప్పిన తగ్గింపు పద్ధతిని పాటించాను. మొదటి లెక్కలో అన్ని అంచెలూ చేసి ఉంటాయి. రెండో లెక్కలో చివరి అంచె ఖాళీ. మూడో లెక్కలో చివరి రెండూ ఖాళీ. అలా వెనక నుంచి ముందుకు ఖాళీ చేసుకుంటూ వస్తే, చివరికి పిల్లల ముందు ఖాళీ పేజీయే మిగులుతుంది. ఈ ఊతంలో నాకు నచ్చింది, తీసేయడం దాని తయారీలోనే ఉండటం. విడిగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

నాలుగోది జేబు కార్డు. నాలుగు వాక్యాలు: ఎవరిది ఎక్కువ? బొమ్మ గీశావా? ప్రశ్న ఏ ముక్క గురించి? జవాబు పెట్టి చదివావా? దీని కథ కింద రాస్తాను.

ఒక జాగ్రత్త. లెక్కలన్నీ తిరగేసినవే ఇస్తే పిల్లలు వారంలో కొత్త చిట్కా కనిపెడతారు: 'ఎక్కువ' అంటే తీసెయ్, 'తక్కువ' అంటే కలుపు. మార్కులు పెరుగుతాయి, టీచర్ సంతోషిస్తుంది, చదవడం మాత్రం ఎవరూ మొదలుపెట్టరు. అందుకే ప్రతి సెట్‌లో మామూలువి, తిరగేసినవి, అసలు పోలికే లేనివి కలిపి ఇచ్చాను.

అందరి స్థాయి రోజూ తెలియడానికి పీరియడ్ చివర ఒక్క లెక్క చిన్న కాగితం మీద చేయించి, వాటిని మూడు దొంతరలు పెట్టేదాన్ని: సొంతంగా చేసినవాళ్లు, బొమ్మ చూసి చేసినవాళ్లు, ఆగిపోయినవాళ్లు. మార్కులు వేయను. మర్నాడు ఎవరి పక్కన నిలబడాలో ఆ దొంతరలు చెబుతాయి.

తీసేయడం

షరతు ఇలా పెట్టుకున్నాను. పిల్లవాడు వరసగా రెండు వేర్వేరు రకాల లెక్కలు కార్డు చూడకుండా చేసి, ఎందుకలా చేశాడో పక్కవాడికి చెప్పగలిగితే, కార్డులోంచి రెండు వాక్యాలు పోతాయి. ఆ తర్వాత ఖాళీ కార్డు. దాని మీద తనకు కావలసిన గుర్తు తానే రాసుకోవచ్చు. ఆ తర్వాత కార్డే ఉండదు. జవాబు సరిగ్గా రావడం ఒక్కటే చాలదు, చెప్పగలగాలి. ఎందుకంటే కార్డు చూసి చేసినా సరైన జవాబే వస్తుంది.

ఖాళీ కార్డుల మీద పిల్లలు ఏం రాసుకున్నారన్నది ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒకమ్మాయి "ఇవి = ?" అని మాత్రం రాసుకుంది. ఒకడు రెండు పట్టీలు గీసి పైన "ఆగు" అని రాశాడు. ఇంకొకడు "తొందరొద్దు" అని. నేను అచ్చేయించిన నాలుగు వాక్యాల కంటే ఇవి వాళ్లకు బాగా పనిచేశాయి.

కార్డులు తగ్గించిన వారం తప్పులు పెరిగాయి. ఇది వస్తుందని అనుకున్నదే. తోటి టీచర్ ఒకరు దొంతరలు చూసి, "బాగా చేస్తున్న పిల్లల్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం, కార్డులు ఇచ్చేయండి" అన్నారు. మొత్తం వెనక్కి ఇవ్వలేదు. తడబడినవాళ్లకు ఒక్క వాక్యం తిరిగి ఇచ్చాను, అదీ ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో చూసి. చాలామందికి "ప్రశ్న ఏ ముక్క గురించి?" అన్నది చాలింది. మొత్తం సాయం తిరిగి ఇస్తే, తడబడితే టీచర్ కరుగుతుందని పిల్లలు నేర్చుకుంటారు. 'ర' లాంటి వాళ్లయితే మొదటి రోజే నేర్చుకుంటారు.

బొమ్మ గీయడం అందరికీ తప్పనిసరి చేయలేదు. దీనికి కారణం తరగతిలో మొదటి నుంచీ ఈ లెక్కలు సరిగ్గా చేస్తున్న కొద్దిమంది. ఒక ప్రాక్టీస్‌లో పట్టీ బొమ్మ షీట్లు అందరికీ వెళితే, వాళ్లలో ఇద్దరు నెమ్మదించారు, గళ్లు నింపే హడావిడిలో తప్పులు కూడా చేశారు. కొత్తవాళ్లకు మేలు చేసే సాయం వచ్చినవాళ్లకు అడ్డమవుతుందని కల్యూగా, స్వెల్లర్ తదితరులు 2003లో రాశారు. అది అచ్చంగా కనబడింది. తెలిసినవాళ్లకు ఊతం అంటే మోయాల్సిన ఇంకో బరువు. వాళ్లకు షీట్ల బదులు వేరే పని ఇచ్చాను: జవాబు 18 వచ్చేలా, 'ఎక్కువ' అనే మాటతో, చదివినవాళ్లు 30 అనుకునేలా లెక్క తయారు చేయండి. మహా ఉత్సాహంగా తయారు చేశారు. ఆ లెక్కల్నే తర్వాతి వారం తరగతికి ఇచ్చాను.

'ర', 'మ'

'ర'కు పట్టీలు వచ్చు, కార్డు వచ్చు. అతనికి లేనిది తన జవాబును తానే తేల్చుకునే దారి. గీత గీసిన ప్రతిసారీ "కరెక్టేనా టీచర్?" అంటాడు. అవును అన్నా, కాదు అన్నా తీర్పు నాదే అవుతుంది. అందుకని కార్డులో నాలుగో వాక్యాన్నే అతని ఊతంగా తీసుకున్నాను. జవాబును లెక్కలో పెట్టి పైకి చదవాలి. 30 పెడితే: "24 పెన్సిళ్లు 30 కంటే 6 ఎక్కువ." చదువుతూనే నవ్వేశాడు. 18 పెడితే: "24 పెన్సిళ్లు 18 కంటే 6 ఎక్కువ." అంతే, నన్ను అడగాల్సిన పని లేదు.

ఆ తర్వాత అతను "కరెక్టేనా?" అన్నప్పుడల్లా నా జవాబు ఒక్కటే: "పెట్టి చదివావా?" మొదట్లో విసుక్కున్నాడు. కొన్నాళ్లకు నా దగ్గరికి వస్తూ వస్తూ మధ్యలో ఆగి, పెదాలు కదుపుతూ చదువుకుని, వెనక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. పరీక్షల టెన్షన్‌లో మాత్రం పాత అలవాటు తిరిగొస్తుంది. యూనిట్ టెస్ట్‌లో రెండు చోట్ల సరైన జవాబు కొట్టేసి తప్పు రాశాడు. అతని విషయంలో పని అయిపోయిందని చెప్పను.

'మ' దగ్గర నా నియమమే ఇరుక్కుంది. అతనికి లెక్క చదివి వినిపించే తోడు కావాలి. దాన్ని తీసేసే షరతు నేను రాయలేను, ఎందుకంటే అతని చదివే వేగం ఒక టర్మ్‌లో, అదీ లెక్కల పీరియడ్‌లో మారేది కాదు. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, దీన్ని ఊతం అనకూడదు, సదుపాయం అనాలి. కళ్లజోడును వారం వారం తగ్గించుకుంటూ పోం కదా. పక్కబెంచీ అబ్బాయి లెక్క చదివి వినిపించడం టర్మ్ అంతా నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. తగ్గించింది వేరేది: మొదట్లో వాక్యానికి ఒకసారి ఆగి చదివేవాడు, తర్వాత లెక్క మొత్తం ఒకేసారి చదివితే 'మ' పట్టీ గీసుకుంటూ వినేవాడు. చదవడం గురించి భాషా టీచర్‌తో కలిసి వేరే ప్రణాళిక మొదలైంది. ఇలాంటి పిల్లవాడికి 'సొంతంగా చేయాలి' అన్న పేరుతో తోడును తీసేస్తే, లెక్కలు వచ్చిన పిల్లవాడిని లెక్కలు రానివాడిగా మార్చినట్టే.

నేర్చుకున్నది మిగిలిందా?

టర్మ్ చివర శాతాలు వచ్చాయి. పట్టీల మాట, పెట్టెల మాట ఎత్తకుండా ఈ లెక్క ఇచ్చాను: "ఒక ట్యాంకులో నీళ్లు 20 శాతం పెరిగి 360 లీటర్లు అయ్యాయి. ముందు ఎన్ని లీటర్లు ఉన్నాయి?" ఇది పెన్సిళ్ల లెక్కే, వేషం మారింది. 360లో 20 శాతం 72, అది తీసేస్తే 288, ఇదీ దీనిలోని వల. ముందున్న నీళ్లు అయిదు ముక్కలు, పెరిగింది ఒక ముక్క, ఆరు ముక్కలు 360, ముక్కకు 60, కాబట్టి 300.

కొందరు 288 రాశారు. తరగతిలో సగం కంటే కాస్త ఎక్కువ మంది పేపర్ల మీద మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టీలు ఉన్నాయి. కొన్ని సగం గీసి ఆపినవి, కొన్ని వంకరటింకరవి. 'స' పేపర్ మీద పట్టీ లేదు. "20 శాతం దేంట్లో?" అని పక్కన చిన్న అక్షరాలతో రాసుకుని, 300 రాసింది. 'ర' ముందు 288 రాసి, పెట్టి చదివి, కొట్టేసి, 300 రాశాడు. ఈసారి కొట్టేసింది తప్పు జవాబును. 288 రాసిన వాళ్లలో ఎక్కువమంది జవాబును పెట్టి చదవలేదు. చదివి ఉంటే 288లో 20 శాతం 57.6 అనీ, రెండూ కలిపితే 345.6 అనీ, 360కి చేరదనీ తెలిసేది. శాతాల్లో ఆ సరిచూపు చేతికి బరువుగా ఉంటుంది, అందుకే వదిలేస్తున్నారని నా అనుమానం. వచ్చే టర్మ్‌లో శాతాలకు ముందు సరిచూపు ఒక్కదాని మీదే కొన్ని పీరియడ్లు పెట్టబోతున్నాను.

సరదాకి కెప్టెన్ వయసు లెక్క కూడా ఇచ్చాను. ఎక్కువమంది "చెప్పలేం" అని రాశారు. కొందరు 36 రాశారు. ఒకడు "గొర్రెల లెక్కకి కెప్టెన్‌కి ఏం సంబంధం టీచర్, ప్రశ్న తప్పు" అని రాసి కింద గీత కూడా గీశాడు. 36 రాసినవాళ్లు నా దొంతరల్లో ఎక్కడున్నారో వెతికితే, అందరూ 'బొమ్మ చూసి చేసినవాళ్ల' దొంతరలోనే ఉన్నారు. సమీకరణాల పాఠం మొదలయ్యేలోపు వాళ్లతో మళ్లీ సంఖ్యల్లేని లెక్కల దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాను.